గుంట కదిలింది

ఆసిలోస్కోప్ తెర మీద రెండు పట్టీలు. పైది పసుపు, కిందిది నీలం. తెర ఎడమ అంచున ఫ్రీక్వెన్సీ దాదాపు సున్నా, కుడి అంచున 30 మెగాహెర్ట్జ్. సిగ్నల్ జనరేటరు ఆ దూరాన్ని 10 మిల్లీసెకన్లలో పరుగెత్తి, మళ్ళీ మొదటికొచ్చి పరుగెత్తుతోంది. దీన్ని స్వీప్ అంటారు. జనరేటరు పంపే తరంగం ఎత్తు దారిపొడుగునా ఒకటే కాబట్టి పసుపు పట్టీ చీర అంచులా ఒకే వెడల్పున సాగాలి. అలా లేదు. పొడుగునా పూసలదండలా ముడులు పడి, మూడొంతులు దాటాక సన్నబడి, 24 మెగాహెర్ట్జ్‌కు కాస్త ఇవతల దాదాపు దారంలా మిగిలి, అక్కణ్ణుంచి మళ్ళీ లావవుతోంది. నీలం పట్టీది వేరే కథ. దానికి ఆ గుంట లేదు గానీ, కుడిపక్క వాలిపోయింది.

పరికరాలన్నీ మోసుకొచ్చిన కుర్రాడు ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో ఉన్నాడు. కొలుస్తున్నది, చదువు కోసం తనే కట్టుకున్న ఆంప్లిఫైయరును. పసుపు పట్టీ దాని లోపలికి వెళ్ళే సిగ్నలు, నీలం పట్టీ బయటికొచ్చేది. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే ఆంప్లిఫైయరు ఎన్ని రెట్లు పెంచుతోందో తెలుస్తుంది. అలా భాగిస్తే 24 దగ్గర కొండంత శిఖరం వచ్చిందట. వారం రోజులుగా ఆ శిఖరాన్ని తగ్గించాలని రెసిస్టర్లు మార్చాడు, కెపాసిటర్లు మార్చాడు, చివరికి చిప్పు కూడా మార్చాడు. శిఖరం ఇసుమంతైనా కదల్లేదు.

"దాదూ, ఇది నా వల్ల కాదు," అన్నాడు. కలకత్తా గార్డెన్ రీచ్‌లో పుట్టిన మూడోతరం తెలుగు పిల్లవాడు. ఇంట్లో తెలుగే గానీ తాతవరసకు బెంగాలీ పిలుపే అలవాటు.

మావయ్య కళ్ళజోడు సర్దుకుని తెరవైపు కాసేపు చూశారు. తర్వాత చేసిన మొదటి పని, ఆంప్లిఫైయరు కరెంటు తీసేసి దాన్ని బల్ల చివరికి జరపడం. "దీని సంగతి రేపు సూద్దాం. ముందు మన సంగతి సూసుకుందాం," అన్నారు.

ఆ రెండు రోజులూ నేను పక్కనే కూర్చున్నాను. ఆయన పనితనాన్ని వివరంగా రాసిపెట్టాలని అప్పుడే అనుకున్నాను. పేరు మాత్రం రాయొద్దన్నారు.

మావయ్య మా అమ్మకు పెదనాన్న కొడుకు. శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చి, సిగ్నల్ అండ్ టెలికాం శాఖలో పనిచేసి, ఇక్కడే రిటైరయ్యారు. మా వైపు వాళ్ళకు గార్డెన్ రీచ్ అంటే ఊరి పేరు కంటే ముందు ఆఫీసు పేరు. 1887లో పుట్టిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కణ్ణుంచే నడిచింది. 1955 ఆగస్టు 1న ఏర్పడిన సౌత్ ఈస్టర్న్ రైల్వేకూ ఇదే ప్రధాన కేంద్రం. 2003లో ఈస్ట్ కోస్ట్ రైల్వే విడిపోయేదాకా వాల్తేరు డివిజన్ ఈ గొడుగు కిందే ఉండేది. ప్రమోషన్ కాగితం వచ్చినా, బదిలీ కాగితం వచ్చినా, "గార్డెన్ రీచ్, కలకత్తా–43" అన్న ముద్రతోనే విశాఖపట్నం చేరేది. ఖరగ్‌పూర్‌లోలాగా ఇక్కడా బి.ఎన్.ఆర్. నాటి తెలుగు కుటుంబాలు ఇంకా ఉన్నాయి.

మావయ్య గదికి ఒక పక్క హుగ్లీ, ఇంకో పక్క మటియాబుర్జ్. అవధ్ నవాబు వాజిద్ అలీ షా రాజ్యం పోగొట్టుకుని 1856లో వచ్చి స్థిరపడిన చోటు అది. ఇప్పుడు సందుసందునా దర్జీలు. కిటికీ తెరిస్తే కుట్టుమిషన్ల చప్పుడు వాన కురుస్తున్నట్టు వినిపిస్తుంది. ఈ గదిలో, చాందినీ మార్కెట్లో ఏరుకొచ్చిన కనెక్టర్లూ తన సొంత కొలత పుస్తకాలూ పెట్టుకుని, అడిగినవాళ్ళ పరికరాలు చూసిపెడుతుంటారు.

ముందుగా, సర్క్యూటును తాకి సిగ్నలును స్కోపుకు అందించే ప్రోబు సంగతి చూశారు. పదిరెట్ల ప్రోబు కొనలో 90 లక్షల ఓంల రెసిస్టరు ఉంటుంది. స్కోపు లోపలి 10 లక్షల ఓంలతో కలిసి అది సిగ్నలును పదోవంతు చేస్తుంది. ఇది నెమ్మదైన సిగ్నళ్ళ సంగతి. కొన్ని వేల హెర్ట్జ్ దాటాక రెసిస్టర్ల పెత్తనం తగ్గి కెపాసిటర్ల పెత్తనం మొదలవుతుంది. ఈ రెండు పంపకాలూ సరిగ్గా ఒకే నిష్పత్తిలో ఉండాలి. లేకపోతే తక్కువ ఫ్రీక్వెన్సీలో ఒక ఎత్తు, ఎక్కువలో ఇంకో ఎత్తు కనిపిస్తాయి. ప్రోబు మీద చిన్న మర ఉన్నది అందుకే. స్కోపు ముందున్న కొక్కేనికి తగిలించి, ఒక కిలోహెర్ట్జ్ చదరపు తరంగాన్ని చూస్తూ ఆ మరను తిప్పాలి. మూల గుండ్రంగా ఉంటే తక్కువైంది, కొమ్ములా లేస్తే ఎక్కువైంది. మావయ్య ప్లాస్టిక్ స్క్రూడ్రైవరుతోనే తిప్పుతారు. లోహపు మొన తగిలితే దాని కెపాసిటెన్సు కూడా కలిసి, చెయ్యి తీయగానే సర్దుబాటు చెడుతుంది. అర నిమిషం పని. కానీ తిప్పాక చెయ్యి తీసి, మూడు ఊపిరులంత సేపు ఆగి మళ్ళీ చూశారు. ఆయన చేసే ప్రతి పనిలోనూ ఈ ఆగడం ఉంటుంది.

తర్వాత ముడులు. పసుపు పట్టీ మీది ముడులను పెన్సిలు మొనతో లెక్కపెట్టారు. గడికి మూడు చొప్పున పది గళ్ళలో ముప్పయి పెద్ద ముడులు, మధ్యమధ్య చిన్నవి. 30 మెగాహెర్ట్జ్‌లో 30 ముడులు.

"కొలిచినట్టు ఇంత సమానంగా వస్తన్నాయంటే ఇవి సర్క్యూట్లో లేవురా," అన్నారు.

స్కోపు మెమరీ పదివేల బిందువులకు పెట్టి ఉంది. పది మిల్లీసెకన్లకు పదివేల బిందువులంటే సెకనుకు పది లక్షలు. ఇక్కడి చిక్కు ఎలాంటిదంటే, రోజుకు ఒక్కసారి, అదీ సరిగ్గా మధ్యాహ్నం పన్నెండింటికే ఆకాశం కేసి చూసేవాడు సూర్యుడు నడినెత్తినే నిలిచిపోయాడనుకుంటాడు. సెకనుకు పది లక్షల సార్లు చూసే కన్ను ఒక మెగాహెర్ట్జ్ తరంగాన్ని ప్రతిసారీ ఒకే చోట పట్టుకుంటుంది. తరంగం నిలబడిపోయినట్టు, పట్టీ ముడుచుకుపోయినట్టు కనిపిస్తుంది. 2 మెగాహెర్ట్జ్ దగ్గరా అంతే, 3 దగ్గరా అంతే. మావయ్య మెమరీని ఇరవై వేలకు మార్చారు. ముడుల మధ్య దూరం రెట్టింపయింది. సిగ్నలులో లోపం ఉంటే స్కోపు ఎన్నిసార్లు కన్ను తెరిచినా అది ఉన్నచోటే ఉండాలి కదా. ఆ తర్వాత పీక్ డిటెక్ట్ పద్ధతికి మార్చారు. అందులో స్కోపు తన పూర్తి వేగంతో చూస్తూ, ప్రతి చిన్న వ్యవధిలోనూ అన్నిటికంటే ఎత్తైన బిందువునూ అన్నిటికంటే లోతైన బిందువునూ దాచుకుంటుంది. ముడులన్నీ విడిపోయాయి. పసుపు పట్టీ నున్నగా సాగి, గుంట దగ్గర మాత్రం సన్నబడింది.

నీలం పట్టీ వాలు సంగతి ఇంకా తేలిక. రెండో చానల్ మెనూలో 20 మెగాహెర్ట్జ్ పరిమితి బొత్తాం నొక్కి ఉంది. గరగర తగ్గుతుందని కుర్రాడు ఎప్పుడో పెట్టి మరిచిపోయాడు. దాన్ని తీసేశారు. అయినా కుడి అంచున కొంచెం లోటు ఉంటుందని ముందే చెప్పారు. ఇది 100 మెగాహెర్ట్జ్ స్కోపు. 100 దగ్గర నూటికి డెబ్బయి పాళ్ళే చూపిస్తుంది. పేరులో ఉన్న అంకెకు అర్థమే అది. ఆ వాలు 100 దగ్గర ఒక్కసారిగా మొదలవదు. 30 దగ్గరికే మూడు నాలుగు శాతం తగ్గి ఉంటుంది. ఆ సంగతి పుస్తకంలో రాసుకున్నారు. మంచి స్కోపైనా కొంత మింగుతుందని ఆయన ముందే లెక్కలోకి తీసుకుంటారు.

మిగిలింది గుంట. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఇదే.

కుర్రాడి తీగల అమరిక చాలామంది చేసేదే. జనరేటరు నుంచి మీటరు కేబులు స్కోపు దాకా వచ్చింది. స్కోపు మొదటి చానల్ దగ్గర టీ కనెక్టరు. దాని రెండో కొమ్ము నుంచి రెండు మీటర్ల కేబులు ఆంప్లిఫైయరు దాకా వెళ్ళింది. ఆంప్లిఫైయరు లోపలి నిరోధం 10 లక్షల ఓంలు. అంటే ఆ చివర దాదాపు తెరిచి ఉన్నట్టే. దారిలో పోతున్న సిగ్నలును స్కోపు పక్క నుంచి చూస్తోంది కాబట్టి, స్కోపుకు కనిపించేదే ఆంప్లిఫైయరుకు అందుతోందని కుర్రాడు అనుకున్నాడు.

మావయ్య కాగితం మీద ఒక గీత గీశారు. కేబులు లోపల తరంగం వెలుగు వేగంలో మూడింట రెండొంతుల వేగంతో, సెకనుకు దాదాపు 20 కోట్ల మీటర్లు పోతుంది. తెరిచి ఉన్న చివరను చేరితే దిగే దారిలేక వచ్చిన దారినే వెనక్కి తిరుగుతుంది. రెండు మీటర్లు వెళ్ళి రెండు మీటర్లు తిరిగి రావాలి. ఏ ఫ్రీక్వెన్సీలో ఆ నాలుగు మీటర్లు సరిగ్గా సగం తరంగం పొడవవుతాయో, అక్కడ తిరిగొచ్చే తరంగం వెళ్ళే తరంగానికి తలకిందులుగా ఎదురవుతుంది. టీ దగ్గర రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. లెక్క 25 మెగాహెర్ట్జ్‌కు కొంచెం ఇవతల అని చెప్పింది.

కానీ గుంట దాదాపు ఇరవై మూడున్నర దగ్గర ఉంది. నేనైతే దగ్గరదగ్గరగా వచ్చింది కదా అని ఊరుకునేవాణ్ణి. మావయ్య ఊరుకోలేదు. ఆంప్లిఫైయరు ముందున్న కెపాసిటెన్సు ఎంతని కుర్రాణ్ణి అడిగారు. 10 పికోఫారడ్ల దాకా ఉండొచ్చన్నాడు. మావయ్య బొటనవేలూ చిటికెనవేలూ చాచి బల్ల మీద జానెడు కొలిచి, అందులో సగం చూపించారు. ఈ రకం కేబులుకు మీటరుకు 100 పికోఫారడ్లుంటాయి. కనుక 10 పికోఫారడ్లంటే ఇంకో 10 సెంటీమీటర్ల కేబులు అతికించినట్టే. రెండు మీటర్లు కాదు, రెండూ పది. మళ్ళీ భాగిస్తే 23.6 వచ్చింది.

ఆ అంకె చూడగానే నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. ఎలక్ట్రానిక్స్‌లో అంతుపట్టని ఒక పరిమాణాన్ని దర్జీ గుడ్డ కొలిచినట్టు చేతివేళ్ళతో కొలిచి చూపించారాయన. ఎన్ని కేబుళ్ళు చేతుల మీదుగా వెళ్తే వేళ్ళకు ఆ కొలత అలవడుతుందో!

అయినా లెక్క కుదిరిందని తీర్పు చెప్పేయలేదు. రెండు మీటర్ల కేబులు తీసి మూడు మీటర్లది పెట్టారు. ఇంకేదీ ముట్టుకోలేదు. బల్ల మీద కాఫీ గ్లాసు కూడా జరపనివ్వలేదు. గుంట 16 దగ్గరికి జరిగింది. ఒక మీటరు కేబులు పెడితే గుంట తెర దాటి పోయింది.

"కదిలింది," అన్నారు. అంతే. నేరం రుజువైందన్నంత గంభీరంగా ఉంది ఆ ఒక్క మాట.

అప్పుడు కుర్రాడికి ఇంకొకటి తట్టింది. వాడి ముఖం చూస్తే తెలిసింది. జనరేటరు లోపలి నిరోధం 50 ఓంలు, కేబులుదీ 50 ఓంలే. తిరిగొచ్చిన తరంగాన్ని జనరేటరు పూర్తిగా మింగేస్తుంది, మళ్ళీ వెనక్కి కొట్టదు. కాబట్టి తెరిచి ఉన్న చివరన, అంటే ఆంప్లిఫైయరు దగ్గర, ఎత్తు ఇంచుమించు మారకుండానే ఉంది. పల్లం పడింది టీ దగ్గర మాత్రమే. ఆంప్లిఫైయరుకు ముందునుంచీ సమానమైన సిగ్నలే అందుతోంది. వాడు చూస్తున్న చోటే అసమానంగా ఉంది. సన్నని పసుపు అంకెతో నిండైన నీలం అంకెను భాగించినందుకే ఆ కొండంత శిఖరం లేచింది. వారం రోజులు రెసిస్టర్లు మార్చింది లేని జబ్బుకు మందు వేయడానికి.

మావయ్య ఒక్కమాట అనలేదు. చాందినీలో కొన్న డబ్బాలోంచి 50 ఓంల టెర్మినేటరు తీసి, ఆంప్లిఫైయరు ముందు ఇంకో టీ పెట్టి తగిలించారు. చివరికి చేరిన తరంగం అక్కడే దిగిపోయింది, వెనక్కి రాలేదు. పసుపు పట్టీ ఎత్తు సరిగ్గా సగానికి పడిపోయి, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చాపలా పరుచుకుంది. ఎత్తు సగమైందని కుర్రాడు కంగారుపడ్డాడు. జనరేటరు తెర మీద చూపించే అంకె 50 ఓంల బరువు ఉందనుకుని రాసేది. బరువు లేనప్పుడు రెట్టింపు వస్తుంది. ఇంతకాలమూ రాసుకున్నది రెట్టింపు అంకె.

ఈ సంగతి ఆయనకు పుస్తకాల్లోంచి రాలేదు. రైల్వే టెలిఫోను లైన్ల మీద వచ్చింది. 600 ఓంల లైనులో ఒక మిల్లీవాట్ శక్తి అంటే 0.775 వోల్టులు. లైను చివర 600 ఓంలు కట్టి కొలవాలా, లేక ఇప్పటికే కట్టి ఉన్నదాన్ని పక్క నుంచి ముట్టుకుని కొలవాలా అన్నది ముందు తేల్చుకోకపోతే ఆ అంకె రెట్టింపవుతుంది, లేదా తగ్గిపోతుంది. వందల మైళ్ళ లైనులో నేర్చుకున్న నియమాన్నే రెండు మీటర్ల కేబులుకూ వర్తింపజేశారు. తీగ పొట్టిదా పొడుగుదా అని ఆయన అడగరు, తరంగం ముందు అది ఎంత అని అడుగుతారు.

మొదటి రోజు పని అక్కడితో ఆపేశారు. రాత్రి డాబా మీద కూర్చున్నాం. గార్డెన్ రీచ్ షిప్‌బిల్డర్స్ యార్డు వైపు దీపాలు కనిపిస్తున్నాయి. 1884లో నది పడవల మరమ్మతు షెడ్డుగా మొదలై, 1960లో ప్రభుత్వ సంస్థగా మారి, మరుసటి ఏడాదే స్వతంత్ర భారతం కట్టిన తొలి యుద్ధనౌక అజయ్‌ను నౌకాదళానికి అప్పగించిన చోటు. ఇక్కడ కట్టిన ఓడలు కొన్ని మా విశాఖలోనే నౌకాదళంలో చేరాయి. కమోర్తా 2014 ఆగస్టు 23న, సముద్రం అడుగును కొలిచే సర్వే ఓడ సంధాయక్ 2024 ఫిబ్రవరి 3న. సంధాయక్ పేరు రాగానే మావయ్య ముఖం వెలిగింది. సముద్రపు లోతును ధ్వనితో కొలిచేవాళ్ళు ముందు నీటిని కొలుస్తారట. ధ్వని వేగం సముద్రంలో సెకనుకు సుమారు 1500 మీటర్లు. నీటి వెచ్చదనాన్ని బట్టీ ఉప్పును బట్టీ అది మారుతుంది. కాబట్టి కొలిచే పరికరాన్ని కిందికి దించి, ఏ లోతులో ఎంత వేగమో రాసుకున్నాకే పని మొదలుపెడతారు. చిన్న సర్వే పడవల వాళ్ళకు ఇంకా పాత ఆచారం ఒకటుంది. లోతు గుర్తులున్న గొలుసులతో ఒక లోహపు పట్టీని పడవ కింద 5 మీటర్లకో, 10 మీటర్లకో వేలాడదీసి, యంత్రం ఆ అంకే చెబుతోందా అని చూసుకుంటారు. "తెలిసినదాన్ని ముందు కొలిపించాల. అప్పుడు తెలీనిదాని గురించి అడగాల," అన్నారు మావయ్య.

రెండో రోజు పొద్దున్నే ఆ లోహపు పట్టీ పనే చేశారు. ఆంప్లిఫైయరును పక్కన పెట్టి, నీలం చానల్ ప్రోబును కూడా టెర్మినేటరు మీదనే పెట్టారు. రెండు చానళ్ళూ ఒకే సిగ్నలును చూస్తున్నాయి. రెండు పట్టీలూ ఒకేలా ఉండాలి. కుడి అంచున నీలం పట్టీ ఆరేడు శాతం ఎత్తుగా ఉంది.

నేరం ప్రోబు గ్రౌండు తీగది. మొసలి నోరులాంటి క్లిప్పుతో జానెడు పొడవున వేలాడే ఆ నల్ల తీగను అందరం ఒట్టి దారం అనుకుంటాం. 15 సెంటీమీటర్ల తీగకు సుమారు 150 నానోహెన్రీల ఇండక్టెన్సు ఉంటుంది. ప్రోబు కొన కెపాసిటెన్సు 12 పికోఫారడ్లనుకుంటే రెండూ కలిసి 120 మెగాహెర్ట్జ్ దగ్గర ఉయ్యాలలా ఊగుతాయి. ఉయ్యాల అంత దూరంలో ఉన్నా దాని ఊపు 30 దగ్గర ఏడు శాతం దాకా తెలుస్తుంది. మావయ్య ప్రోబు టోపీ ఊడదీసి, మొన పక్కన గ్రౌండు గొట్టానికి చిన్న స్ప్రింగు తొడిగారు. బాల్‌పెన్ను స్ప్రింగులోంచి తనే వంచుకున్నది. గ్రౌండు దారి జానెడు నుంచి గోరంతకు తగ్గింది. నీలం, పసుపు పట్టీలు ఒకదాని మీద ఒకటి వాలాయి.

ప్రోబు గురించి ఆయన నాకు చెప్పినది ఇక్కడే రాయాలి. విరిగిన పాత ప్రోబు కేబులు ఒకటి కోసి, లోపలి తీగ చూపించారు. వెంట్రుక కంటే సన్నం. రాగి కాదు, కావాలనే నిరోధం పెట్టిన తీగ. మామూలు కేబులు పెడితే, నిన్న చూసిన ప్రతిధ్వనే ప్రోబు లోపలా పుట్టి ఎత్తులను చిందరవందర చేస్తుంది. ప్రోబుకు చివర 50 ఓంలు కట్టలేం, కడితే కొలిచే సర్క్యూటు మీద బరువు పడుతుంది. అమెరికాలో టెక్ట్రానిక్స్ ఇంజనీర్లు జాన్ కోబీ, విలియం పోలిట్స్ తీగనే కాస్త బద్ధకంగా చేశారు. ప్రతిధ్వని అటూ ఇటూ పరుగెత్తుతూ దారిలోనే అలసిపోతుంది. 1959లో పేటెంటు దక్కిన ఈ ఉపాయం నేటికీ ప్రోబులలో వాడుకలో ఉంది. చేతిలోకి తీసుకుంటే నల్ల దారంలా కనిపించే వస్తువులో ఇంత ఆలోచన దాగి ఉంది. అదే సంస్థ స్కోపులను సరిచూసేందుకు చేసిన జనరేటరు, 190 రకం, ఇంకో అడుగు ముందుకేసింది. అందులో ఎత్తును కనిపెట్టే డయోడు యంత్రం పెట్టెలో ఉండదు, కేబులు ఆ చివర, సిగ్నలు దిగే చోట ఉంటుంది. ఎక్కడ సమానంగా ఉండాలో అక్కడే కూర్చుని కొలుస్తుంది, తగ్గితే వెనక్కి కబురు పంపి పెంచుకుంటుంది. మావయ్య దగ్గర ఆ యంత్రం లేదు. కానీ టెర్మినేటరును స్కోపు దగ్గర కాకుండా ఆంప్లిఫైయరు గుమ్మంలో కట్టడంలో ఉన్నది అదే ఆలోచన.

మధ్యాహ్నానికి ఆంప్లిఫైయరును బల్ల మధ్యకు తెచ్చారు. ఒకటిన్నర రోజుల్లో దాని పనితీరును ఆయన చూడడం ఇదే మొదలు. కరెంటిచ్చి, ముందు తుడిచి పెట్టుకున్న దారిలోనే సిగ్నలు పంపారు. నీలం పట్టీ వచ్చింది. శిఖరం లేదు. వాలు లేదు. 18 మెగాహెర్ట్జ్ దగ్గర మాత్రం ఎద్దు మూపురంలా చిన్న ఉబ్బు, నాలుగు శాతం ఉంటుందేమో.

కుర్రాడు దాన్ని పట్టించుకోలేదు, అప్పటికే సంతోషంలో ఉన్నాడు. మావయ్య మాత్రం రెండు మీటర్ల కేబులు తీసి మూడు మీటర్లది పెట్టారు. మూపురం 18 దగ్గరే ఉంది. మెమరీ మార్చారు. అక్కడే ఉంది. ప్రోబును మార్చారు, చానల్ మార్చారు, స్వీపును పది మిల్లీసెకన్ల నుంచి ఇరవైకి నెమ్మదింపజేశారు. మార్చిన ప్రతిసారీ పుస్తకంలో ఒక వరుస. కేబులు పొడవు, టెర్మినేటరు ఎక్కడుంది, ప్రోబు ఏది, గ్రౌండు ఎలా ఉంది, మెమరీ ఎంత, ఎత్తు ఎంత. ఒక్కో వరుసలో ఒక్కటే అంకె మారింది. ఆ పేజీ అందం చెప్పాలంటే నాకు ముగ్గే గుర్తొస్తుంది. ఎక్కడా గీత తెగలేదు, ఎక్కడా రెండు గీతలు ఒకేసారి పడలేదు.

"ఇది కదలదు," అన్నారు. "ఇది నీదే."

అప్పుడు బోర్డు తిరగేసి చూశారు. వెనక్కి తిప్పి కలిపే దారిలో పదివేల ఓంల రెసిస్టరు ఉంది. అది చేరే చిప్పు కాలు దగ్గర ఉండే నాలుగైదు పికోఫారడ్లతో కలిసి సిగ్నలును కాస్త ఆలస్యం చేస్తుంది. ఆలస్యంగా వచ్చిన సర్దుబాటు వల్లే ఈ ఉబ్బు. విలువ తగ్గించాలి, దానితోపాటు జతలోని రెసిస్టరునూ అదే నిష్పత్తిలో తగ్గించాలి. వారం రోజులు ఏవేవో మార్చిన కుర్రాడు ఈ జతను మాత్రం ముట్టుకోలేదు. ఇంతకాలమూ వాడు వెతికిన శిఖరం ఇంకెక్కడిదో కాబట్టి దీని వైపు చూడాల్సిన పనే రాలేదు.

మావయ్య సోల్డరింగ్ ఐరన్ కొనను తడి స్పాంజి మీద తుడిచి, పిడి వాడి వైపు తిప్పి ఇచ్చారు. తను లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు, వాడి చెయ్యి వణకకుండా ఉండాలని కాబోలు. కింద సందులో కుట్టుమిషన్లు నడుస్తూనే ఉన్నాయి. రెండు రెసిస్టర్లూ మారాక వాడే స్వీపు నడిపాడు. నడిపి, పట్టీ వైపు సరిగ్గా చూడకముందే, ఎవరూ చెప్పకుండానే చెయ్యి చాచి కేబులు విప్పి, పొడుగుది పెట్టాడు.